బడి చివరి యాభై రోజులు

(సేవాలాల్ జయంతి సందర్భంగా బహదూర్‌పల్లిలో జరిగిన సభలో గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "మేడమ్, చదువు గురించి పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మంచి మాటలు మన పిల్లలు చాలానే విన్నారు. జెండా పండుగ నాడు వింటారు, పేరెంట్స్ మీటింగ్‌లో వింటారు, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం దగ్గరా వింటారు. అందుకని ఇవాళ ఒకే ఒక సంగతి మాట్లాడతాను. ఈ రోజు నుంచి ఏప్రిల్‌లో బడి మూసేదాకా తరగతిలో మనసు ఎట్లా నిలుపుకోవాలి? అంతే.

ముందు ఒక లెక్క చేద్దాం. ఇవాళ ఫిబ్రవరి 15. ఏప్రిల్ 23 చివరి పనిదినం అనుకుంటే 67 రోజులు. అందులో ఆదివారాలు, శివరాత్రి, హోలీ, ఉగాది, రంజాన్, శ్రీరామనవమి, అంబేద్కర్ జయంతి లాంటి సెలవులు తీసేస్తే బడి నడిచేది 50 రోజులు, అటూ ఇటూగా. ఏడాది మొత్తం మీద పనిదినాలు సుమారు 230. అంటే అయిదో వంతు చదువు ఇంకా మిగిలే ఉంది. పదో తరగతి వాళ్ళకు మాత్రం ఇంత టైం లేదు, మార్చి మధ్యకల్లా పరీక్షల్లో కూర్చోవాలి. మిగతా వాళ్ళు మాత్రం "సంవత్సరం అయిపోయింది మేడమ్" అని ఇప్పటి నుంచే అంటున్నారు. అయిదో వంతు పొలం కోయకుండా వదిలేసి కోతలు అయిపోయాయని ఏ రైతైనా అంటాడా?

జూన్‌లో మా హాస్టల్‌కు వచ్చినప్పుడు పిల్లలు ఎట్లుంటారో చెప్తాను. కొత్త నోటుబుక్కులకు అట్టలు వేస్తారు. పేరు మూడు రంగుల్లో రాస్తారు. దసరా దాకా బాగానే ఉంటుంది. సంక్రాంతి సెలవులకు పోయి వచ్చాక తేడా కనబడుతుంది. స్టడీ అవర్‌లో తల పుస్తకం మీద ఉంటుంది, మనసు తాండాలో ఉంటుంది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే ఇంకా అంతే. మధ్యాహ్నం అన్నం తిని ఫ్యాన్ కింద చేరితే పుస్తకం తెరవాలనిపించదు. పెద్దవాళ్ళం దీనికి 'బద్ధకం' అని ఒకటే పేరు పెట్టి తిడతాం. ఇన్నేళ్ళు పిల్లల మధ్య ఉండి నేను చూసింది వేరు. ఆ బద్ధకం కింద మూడు వేరువేరు కారణాలు ఉంటాయి. జ్వరానికి, పంటి నొప్పికి ఒకే గోలీ పనిచేయదు కదా. వీటికీ అంతే, ఒక్కోదానికి ఒక్కో మందు.

మొదటి కారణం, పాఠం అర్థం కాకపోవడం.

మన ఇంట్లో మాట గోర్‌బోలి. బడిలో మాట తెలుగు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల దాకా ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. ఆరో తరగతి పిల్ల యాడితో ఒక భాష, స్నేహితులతో ఇంకో భాష మాట్లాడి, సైన్స్ పుస్తకం మూడో భాషలో చదువుతుంది. జూలైలో ఒక పాఠం జారిపోతుంది. అడగడానికి సిగ్గు. ఆగస్టులో ఇంకొకటి జారుతుంది. ఫిబ్రవరి నాటికి టీచర్ చెప్పేదంతా దూరంగా మోగే మైకులాగా వినబడుతుంది. అర్థం కాని చోట గంటల తరబడి కూర్చోవడం పెద్దవాళ్ళకే కష్టం. కిటికీలోంచి బయటికి చూడడం తప్ప ఆ పిల్ల ఏం చేస్తుంది?

భాష సంగతి మన రాష్ట్రంలో ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణాలు ఇచ్చిన తర్వాత, ఆ ప్రాంత గిరిజనుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. అంతంతమాత్రం అక్షరాలు వచ్చిన గోండు యువకులే అక్కడ నేర్చుకుని తమ గూడేలకు పోయి పంతుళ్ళయ్యారు. పిల్లలు తమ మాటలో విన్నారు కాబట్టి బడిలో కూర్చున్నారు. ఎనభై ఏళ్ళ కిందటి ఆ పాఠం మీకు ఇవాళ కూడా పనికొస్తుంది. పాఠాన్ని పక్క పిల్లకు గోర్‌బోలిలో చెప్పండి. కిరణజన్య సంయోగక్రియ అయినా, 1857 తిరుగుబాటు అయినా సరే. మన మాటలో చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే. చెప్తూ చెప్తూ ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, రేపు పొద్దున్న టీచర్‌ను అడగండి. "సార్, నాకు ఏమీ అర్థం కాలేదు" అంటే ఏ సారు ఏం చెప్పగలడు? "సార్, ఈ పేజీలో ఈ మూడో లైను దగ్గర ఆగిపోయాను" అంటే ఎవరైనా చెప్తారు.

కొన్నిసార్లు ఆగిపోయిన చోటు ఈ ఏడాది పుస్తకంలో ఉండదు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె సమీకరణాలు రావడం లేదని ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. సమీకరణం ఆమెకు తెలుసు. సంఖ్య ఇటునుంచి అటు పోయినప్పుడు మైనస్ గుర్తు దగ్గర తప్పుతోంది. అది ఆరో తరగతిలో వచ్చే పూర్ణసంఖ్యల పాఠం. ఆరో తరగతి పుస్తకం అరువు తెచ్చి నాలుగు రాత్రులు కూర్చున్నాం. అయిదో రోజు ఆ అమ్మాయి తరగతిలో బోర్డు దగ్గరికి పోయి లెక్క చేసి వచ్చింది. మీలో గణితం అంటే భయపడేవాళ్ళు కింది తరగతి పుస్తకం తెరవడానికి సిగ్గుపడకండి. గోడలో పగులు పునాదిలో ఉంటే పైన సున్నం వేస్తే ఆగుతుందా?

చదివే పద్ధతి గురించి కూడా ఒక మాట. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రవేత్త తన మీదే చేసుకున్న ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. అర్థం లేని అక్షరాల జాబితాలు బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క రాసుకున్నాడు. ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండు వంతుల దాకా పోయింది. మనకు మతిమరుపు ఉందని బాధపడకండి, అందరికీ అంతే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు ఇంకొకటి చూశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. ఇంకొందరు చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్ళకు ఎక్కువ గుర్తుంది. మా హాస్టల్‌లో స్టడీ అవర్ చివరి పదిహేను నిమిషాలు పుస్తకాలన్నీ మూయిస్తాను. ఒక తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయాలి. మొదట్లో సణుగుతారు. రెండు వారాలకు అలవాటవుతుంది. మధ్యాహ్నం నిద్ర వచ్చే వేళ కూడా ఇదే మంచి పని, ఎందుకంటే రాసే చెయ్యి నిద్రపోదు.

రెండో కారణం, "ఇక తేలిపోయింది" అనుకోవడం.

ఇది రెండు రకాల పిల్లల్లో ఉంటుంది. బాగా చదివే పిల్ల "నేను ఎట్లాగూ పాస్" అనుకుంటుంది. వెనకబడిన పిల్లవాడు "నేను ఎట్లాగూ ఫెయిల్" అనుకుంటాడు. ఇద్దరూ ఫిబ్రవరిలోనే ఫలితం రాసేసుకుంటారు. 1930ల్లో క్లార్క్ హల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలను పరుగెత్తించి చూస్తే, తిండి దగ్గరపడే కొద్దీ అవి వేగం పెంచాయి. మనుషులమూ అంతే. బస్సు కనబడితే పరుగెత్తుతాం, కనబడకపోతే నడుస్తాం. కాబట్టి చివరి రోజుల్లో పరుగు రావాలంటే చేరాల్సిన చోటు కంటికి కనబడాలి. "బాగా చదవాలి" అనేది కంటికి కనబడే చోటు కాదు. "ఈ శనివారం లోపల ఈ రెండు పాఠాల ప్రశ్నలు పుస్తకం మూసి రాస్తాను" అనేది కనబడుతుంది.

మాలావత్ పూర్ణ పేరు మీ అందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి బిడ్డ, కూలి చేసుకునే తల్లిదండ్రుల కూతురు, గురుకులంలో చదివింది. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. 2022లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు పూర్తిచేసింది. ఆమె కథ చెప్పి "మీరూ ఎవరెస్ట్ ఎక్కండి" అని నేను అనను. ఎట్లా ఎక్కుతారో చూడమంటాను. మొదట భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. ఎవరెస్ట్ దగ్గరైనా ఒక్క ఊపున ఎవరూ ఎక్కరు. పై క్యాంపుకు ఎక్కి, మళ్ళీ కిందికి దిగి, పలచటి గాలికి ఒళ్ళు అలవాటు చేసుకుని, మళ్ళీ పైకి పోతారు. శిఖరం దగ్గర గాలిలో ఆక్సిజన్ మన దగ్గర దొరికేదానిలో మూడో వంతే ఉంటుంది. అక్కడ ఒక్కొక్క అడుగే వేస్తారు. చివర్లో ఊపిరి కష్టమవుతుందని వాళ్ళకు ముందే తెలుసు కాబట్టి ఆగిపోరు. మీకు కూడా మార్చిలో కష్టంగా ఉంటుంది. అది మీ చేతగానితనం కాదు. చివరి భాగం ఎవరికైనా అట్లాగే ఉంటుంది.

కాబట్టి మిగిలిన 50 రోజులను అయిదు క్యాంపులుగా విడగొట్టుకోండి. ఒక్కో క్యాంపుకు పది బడి రోజులు. పదో రోజున ఏం పూర్తికావాలో ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపల అంటించండి. పూర్తయినవాటికి టిక్కు పెట్టండి. కానివి తర్వాతి క్యాంపులోకి తీసుకుపోండి. టిక్కులు పెరగడం చూస్తే మనసు దానంతట అదే కూర్చుంటుంది. పాస్ అవుతానని ధీమాగా ఉన్న పిల్లలకు ఇంకొక పని. వెనక బెంచీలో ఉన్న ఒకరికి రోజూ అరగంట చెప్పండి. వాళ్ళకు చెప్పాలంటే మీరు మళ్ళీ చదవక తప్పదు.

మూడో కారణం, ఇల్లు పిలవడం.

ఇది పిల్లల కంటే పెద్దలకు చెప్పాల్సిన మాట. నాయక్‌లు, యాడీలు, బాపులు కాస్త వినాలి. సంవత్సరం చివర బడికి, మన పనికి, మన పండుగకు ఒకేసారి తొందర వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్, ఖమ్మం వైపు మిర్చి ఏరే పని ఉంటుంది. కూలి దొరికేది అప్పుడే. మార్చిలో హోలీ. మన తాండాకు హోలీ కంటే పెద్ద పండుగ ఏముంది? కొడుకు పుట్టిన ఇంట్లో డూండ్ చేస్తారు, ఆడబిడ్డలందరూ రావాలంటారు. అడవి దగ్గరి వాళ్ళకు ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో పెళ్ళిళ్ళు. ఇక్కడ బహదూర్‌పల్లి, దుండిగల్, గండిమైసమ్మ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు కట్టే పనికి వచ్చిన కుటుంబాల్లో అమ్మానాన్న ఇద్దరూ పనికి పోతే చిన్నదాన్ని చూసుకోవడానికి పెద్దదాన్ని రమ్మంటారు. వీటిలో ఏదీ తప్పని నేను అనడం లేదు. నేనూ తాండా బిడ్డనే. మిర్చి ఘాటుకు చేతులు ఎట్లా మండుతాయో నాకు తెలుసు.

నేను అడిగేది ఒక్కటే. పిలిచేముందు తేదీ చూడండి. హోలీకి తీసుకుపోండి, కానీ ఎప్పుడు తిరిగి తెస్తారో రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టండి, ఆ రోజుకు తెచ్చి దింపండి. రెండు రోజులకని పోయిన పిల్ల పన్నెండు రోజులు ఉండిపోతే, వచ్చేసరికి మూడు పాఠాలు ముందుకు పోయి ఉంటాయి. అప్పుడు ఇందాక చెప్పిన మొదటి కారణం మొదలవుతుంది. ఇంటి పిలుపుతో మొదలై, పాఠం అర్థం కాక, "ఇక తేలిపోయింది" అనే దాకా పోతుంది. పిల్లలు కూడా నోరు విప్పండి. "బాపూ, ఈ మూడు రోజులు నాకు పరీక్ష ఉంది, నాలుగో రోజు వస్తాను" అని ఫోన్‌లో చెప్పండి. తేదీతో చెప్పిన మాటను పెద్దలు కొట్టిపారేయరు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి చెప్తాను. ఏప్రిల్‌లో పిల్లలు పెట్టెలు సర్దుకుని వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడి చేయి ఊపుతాను. జూన్ 12న బడి తెరిచాక అదే గేటు దగ్గర లెక్క పెట్టుకుంటాను. ప్రతి ఏడాది ఒకరో ఇద్దరో తగ్గుతారు. ఆరా తీస్తే, పనిలో పెట్టారనో, పెళ్ళి కుదిరిందనో తెలుస్తుంది. తిరిగిరాని పిల్లలను తలచుకుంటే ఎక్కువమంది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే తరగతిలో మాట్లాడడం మానేసినవాళ్ళు. చదువులో నిలదొక్కుకున్న పిల్ల "నేను పోతాను, చదువుకుంటాను" అని ఇంట్లో గట్టిగా అనగలుగుతుంది. "నాకు ఎట్లాగూ రాదు" అనుకున్న పిల్ల అనలేదు. ఈ 50 రోజులను నేను ఇంత పట్టుకుని మాట్లాడేది ఇందుకే.

అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకుండా పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. ఇక్కడున్న పెద్దలకు తెలియని సంగతి కాదు. పిల్లలకు మాత్రం ఒక నంబరు గుర్తుండాలి. 1098. మీకోసమైనా, మీ స్నేహితురాలి కోసమైనా ఏ ఫోన్ నుంచైనా చేయొచ్చు. డబ్బులు పడవు. ఇంకో నంబరు 14416. అది టెలి మానస్. పరీక్షల భయంతో, ఫలితాల తర్వాత మనసు బాగా లేకపోతే అక్కడ మాట్లాడేవాళ్ళు ఉంటారు. పదో తరగతిలో ఒక సబ్జెక్టు పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అదే వేసవిలో రాయొచ్చు, ఏడాది పోదు. ఒక్క కాగితం కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు, బిడ్డలారా.

పెట్టె సర్దేముందు చేయాల్సిన పనులు కూడా రాసుకోండి. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒకటేనా? మన ఇంటిపేర్లు ఒక చోట ముందు, ఒక చోట వెనక, ఒక చోట స్పెల్లింగ్ మారి ఉంటాయి. పుట్టిన తేదీ కలిసిందా? కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు ఉన్నాయా? ఇవి లేక స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోయిన పిల్లలను ఏటా చూస్తున్నాను. మార్చిలో మొదలుపెడితే జూన్‌కు చేతిలో ఉంటాయి. పదో తరగతి వాళ్ళు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ గురించి, పది మార్కుల మీద సీట్లిచ్చే బాసర ట్రిపుల్ ఐటీ గురించి ఇప్పుడే టీచర్లను అడిగి తెలుసుకోండి. తర్వాత ఎక్కడ చేరాలో తెలిసిన పిల్లకు ఈ నెల చదువు బరువనిపించదు. మన ములుగులో సమ్మక్క సారక్క పేరు మీద కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. దాని గేటు మీ కోసమే తెరిచి ఉంది.

వెనక నిలబడ్డ కాలేజీ పిల్లలకు, ఉద్యోగాల్లో ఉన్న తమ్ముళ్ళకు చివరి మాట. ఈ బహదూర్‌పల్లిలోనే మహీంద్రా యూనివర్సిటీ ఉంది. ఆ పక్కనే దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది, శిక్షణ విమానాలు మన నెత్తి మీదుగానే పోతాయి. పని సైట్లలో రేకుల షెడ్లలో ఉండే మన పిల్లలు రోజూ వాటిని చూస్తారు. లోపలికి ఎట్లా పోవాలో వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు. చెప్పగలిగింది మీరే. పెద్ద ఉపన్యాసాలు వద్దు. ఆదివారం ఒక గంట. ఒక్కొక్కరు ఒక్క పిల్లనో పిల్లవాడినో తీసుకోండి. ఏప్రిల్ దాకా పది ఆదివారాలు కూడా లేవు. కూర్చుని ఒక లెక్క చేయించండి, ఒక పేజీ గోర్‌బోలిలో చెప్పించండి, ఆధార్ కార్డు చూడండి. జూన్ మొదటి వారంలో ఒకసారి ఫోన్ చేసి "బడికి పోతున్నావా?" అని అడగండి. ఎవరో అడుగుతారని తెలిస్తే పిల్లలు పోతారు.

బయట బూరెల ప్లేట్లు పెట్టిన బల్ల పక్కన ఒక లాంగ్ నోటుబుక్ పెట్టించాను. ఎడమవైపు పిల్లల పేర్లు, తరగతి, కష్టంగా ఉన్న సబ్జెక్టు రాయాలి. కుడివైపు చెప్పడానికి ముందుకొచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు. బూరె తీసుకునేముందు పేరు రాయండి. ఆ పుస్తకం జూన్ 12 దాకా నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు గేటు దగ్గర దాన్ని పట్టుకుని నిలబడతాను.

జై సేవాలాల్. రామ్ రామ్.